నెత్తికీ నేలకీ మధ్య

ఈ వ్యాను మొన్నటిదాకా రొట్టెలు మోసింది.
అరలు పీకి, పాత రబ్బరు చాప ఎత్తేసరికి
ఇనుప గాడుల్లో తడిసి గడ్డకట్టిన పిండి,
ఒక ఇరవై పెన్నీల బిళ్ళ,
ఎవరిదో చెవిపోగు శీల.
కెండల్‌లో నవంబరు.
వాన పడుతోందనలేం,
ఆగిందనీ అనలేం.

మోకాళ్ళ మీద కూచుని తుప్పు గీకుతున్నాను.
అరికాలి మంట నెత్తికెక్కుతుందంటారు గానీ
అరికాలి చలి కూడా ఎక్కుతుందని
మనవాళ్ళెవరూ చెప్పలేదు.
ఇరవై రెండేళ్ళు ఆస్పత్రి లాండ్రీలో
సిమెంటు గచ్చు మీద నిలబడ్డ కాళ్ళు.
వీటికింక మిగిలింది ఒక్క కోరిక:
పొద్దున మంచం దిగితే
నేల కరవకూడదు.

అందుకే యాభై మిల్లీమీటర్ల ఫోమ్ అన్నాను.

పాణి మాట్లాడలేదు.
బూట్లు విప్పి ఉత్త ఇనుము మీద నిలబడి
నడినెత్తికీ పైకప్పుకీ మధ్య చెయ్యి దూర్చాడు.
నాలుగు వేళ్ళు పట్టాయి. బొటనవేలు పట్టలేదు.
"ఫోమ్ మీద ప్లైవుడ్, దాని మీద ఇంకేదో.
అంతా పరిచాక నన్నెక్కడ పెడతావ్?"

బాయిలర్లు బాగుచేసే మనిషి.
ఈ కొండల నడుమ పాత రాతి ఇళ్ళల్లో
దూలం దూలానికీ తల వంచినవాడు.
నుదుటి మీద రెండు మచ్చలు,
ఒకటి ఆంబుల్‌సైడ్‌ది, ఒకటి ఎక్కడిదో మరిచిపోయాడు.
అతన్ని మళ్ళీ వంగమని ఎలా అంటాను?
అనకుండా ఎలా ఉంటాను?
రెండు రోజులు మాటల్లేవు.
నేలకు పోయేదాన్ని నెత్తికి రాసుకోవడమంటే
ఇదే కాబోలు.

దుకాణంలో ఓక్ చెక్క చూపించారు.
వంగి తడిమితే అది చెక్క కాదు,
వినైల్ మీద చెక్క ఫొటో.
ఇంకోటి చూడ్డానికి బాగుంది,
తడిస్తే అప్పడంలా ఉబ్బుతుందట.
చివరన, ఎవరూ చూడని మూల, కార్క్ పలకలు.
ఒకటి చేతిలోకి తీసుకున్నాను.
నా వేడి నాకే తిరిగిచ్చింది.
పెళ్ళినాడు నుదుట కట్టిన బాసికం గుర్తొచ్చింది,
ఆ జీలుగు బెండూ ఇంతే తేలిక.
అప్పుడు నెత్తిన, ఇప్పుడు కాళ్ళ కింద.
పాణికి చెబితే
"ధరెంత?" అన్నాడు.
రెండు రోజుల్లో మొదటి మాట.

దారి మాత్రం గాడులే చూపించాయి.
గట్టుకీ గట్టుకీ మధ్య పల్లం ఉంది కదా,
ఆ పల్లం నింపితే ఎత్తు పెరగదు కదా!
పక్కింటి డెరిక్ రంపం ఇస్తానన్నాడు,
నేను వంటింట్లోంచి రొట్టె కోసే కత్తి తెచ్చాను.
రొట్టెల బండిలో రొట్టెల కత్తి,
పెళుసు ఫోమ్ పేలికలు పేలికలుగా,
ముప్ఫై ఒక్క గాడి, ముప్ఫై ఒక్క ముక్క,
ఏ రెండూ ఒక్క కొలత కావు.
నీలం పొడి మంచులా వచ్చి
కనురెప్పల మీద, టీ కప్పులో, పాణి మీసంలో.
పైన ఇరవై అయిదు చాలనుకున్నాం.
అతుకులకి వెండి టేపు వేస్తూ
"చలి దొంగలాంటిది, కిటికీ వదిలి కన్నంలోంచి వస్తుంది" అన్నాడు.
నవ్వాను.

ఇరవై పెన్నీల బిళ్ళ మళ్ళీ గాడిలోనే పెట్టి
మీద ప్లైవుడ్ బిగించాం.
చెవిపోగు శీల మాత్రం నా జేబులో ఉంది,
ఎందుకో.

నిన్న రాత్రి బెండు ఆరింది.
నేను వట్టి కాళ్ళతో, అతను మేజోళ్ళతో ఎక్కాం.
నడినెత్తి మీద ఒకటిన్నర వేలు మిగిలింది.
రెండుసార్లు కొలిచాడు.
తరవాత ఊరికే అలా నిలబడ్డాడు,
ఏ పనీ లేకుండా, నిటారుగా.

మూలమూలా కాలితో తడిమి చూశాను.
పక్క తలుపు దగ్గర జానెడు మేర
ఇంకా చల్లగానే ఉంది.
అంతా విప్పి మళ్ళీ వెయ్యాలా అనడిగాను.
వంగి, అరచేత్తో ఆ చోటు చూసి
"ఇక్కడ చెప్పులు విడుద్దాంలే" అన్నాడు.