పిల్లర్ నంబరు నలభై ఒకటి

మా దేశానికి పేరు పెట్టడానికే పదకొండు రాత్రులు పట్టింది.
నేనొక మాటంటే చౌడప్పకు అది బూతు.
దీపేన్ బోరో ఒకటంటే, మా పుంగనూరులో
మేకల్ని అదిలించే కూత.
సుశాంత ఎంచుకున్నది వాళ్ల అత్తగారి ఊరని తేలింది.
చివరికి నలుగురికీ ఏ అర్థమూ ఇవ్వని పదం దొరికింది:
తుమురె.
అదే నిమిషంలో జనరేటర్ ఆగింది.
జాతీయగీతం ముగిసినట్టుంటే
లేచి నిలబడ్డాం, ఎందుకో.

బెళ్లందూరు వెనక, పద్దెనిమిది అంతస్తుల అడుగున
రెండో సెల్లారులో ఉండేది తుమురె.
ఉత్తరాన లిఫ్టు గొయ్యి.
దక్షిణాన మురుగునీళ్ల ప్లాంటు, దాని ఎగశ్వాస.
తూర్పున ఎవరూ దిగిరాని మెట్లు.
పడమర ఒక గోడ, ఏడాది పొడుగునా చెమట.
చెవి ఆనిస్తే లోపల ఎవరో నీళ్లలో నడుస్తున్నట్టుండేది.
అదే మన సముద్రం అన్నాడు సుశాంత,
సముద్రం లేని దేశానికి పిల్లనెవరిస్తారని.

నలభై ఒకటో పిల్లరు రాజధాని,
ఫోనుకు ఒక గీతైనా సిగ్నలు అందేది అక్కడే గనక.
మూడేళ్లుగా కదలని, గుడ్డ కప్పిన కారు మా పర్వతం.
దాని దుమ్ములో దీపేన్ చూపుడువేలితో దారులు గీసేవాడు.
ఒక్కటీ కిందికి దిగేది కాదు.

ప్రభుత్వం సంగతి సులువు.
రెండున్నరకు ఎవడు మేలుకొని ఉంటే వాడే అధ్యక్షుడు,
పదవీకాలం మొదటి ఆవులింత దాకా.
నేను విదేశాంగ మంత్రిని:
పై లోకంలోని ఆరొందల రెండో ఫ్లాటుతో
ఇంటర్‌కమ్‌లో మాట్లాడేవాణ్ణి.
నెలకు పదమూడు వేల ఐదొందలు, యూనిఫాం కోత పోను.
ఖజానా బిస్కెట్ల డబ్బా. చౌడప్ప లెక్క చెప్పేవాడు కాదు.
ప్రతిపక్షాన్ని పెట్టుకోవడం మరిచిపోయాం.

భాష దగ్గరే కష్టమైంది.
మనిషికి రోజుకో మాట పన్ను.
నేను 'నెమ్మది' కట్టాను. అది మాదీ అన్నాడు చౌడప్ప.
నాకది నిదానం, వాడికది మనశ్శాంతి.
రెండర్థాలూ ఉంచి ఒకటే పన్ను రాసుకున్నాం.
సుశాంత 'పఖాళ' ఇచ్చి రెండు రోజులు బెంగగా తిరిగాడు.
దీపేన్ 'దై' ఇచ్చాడు. వాళ్ల బోడోలో నీళ్లట.
చూసీ చూడనట్టు ఊరుకోవడానికి ఒకే అక్షరంలో క్రియ కట్టాం.
సార్ అన్న మాటకు మాత్రం ఏమీ పెట్టలేదు,
మరిచిపోయామో కావాలనో గుర్తులేదు.

సెప్టెంబరులో ఒక రాత్రి
మా సముద్రం గోడ దాటింది.
ముందు చీలమండ, తర్వాత మోకాలు.
దై! అని అరిచాడు దీపేన్,
దై, దై, అని అరిచాం అందరం.
మా భాషను గొంతెత్తి మాట్లాడింది
ఆ ఒక్కసారే.
పర్వతం లేచి, మెల్లగా తిరిగి,
రాజధానికి మూతి ఆనించింది.
బిస్కెట్ల డబ్బా మెట్లవైపు వెళ్లిపోయింది.

మెట్లమీద తడిసి కూర్చుని, అప్పుడు చెప్పాడు చౌడప్ప:
ఇక్కడ చెరువుండేది. అదిగో, ఆ లిఫ్టు గొయ్యి ఉన్నచోట
మా తాత రాగులు వేసేవాడు.
మూడేళ్లు పక్కనే కూర్చుని ఒక్కనాడూ అనలేదు మనిషి.
మొదటి రోజున
సిగరెట్ అట్ట మీద పౌరసత్వం రాసి
వాడికిచ్చింది నేనే.
గట్టిగా సెల్యూట్ చేసి మరీ తీసుకున్నాడు.

పంపులు మూడు రోజులు తోడాయి.
పేరు తెలియని ఆ చెరువును రోడ్డు మీదికి పోశాయి.
కొత్త ఏజెన్సీ వచ్చింది, పిల్లరు పిల్లరుకూ కెమెరా పెట్టింది.
నేనిప్పుడు హొసకోటె దగ్గర గోడౌన్ గేటులో ఉన్నాను.
ఇక్కడ ఒక్కణ్ణే, దేశానికి సరిపోను.

మొన్న రాత్రి ఫోను మోగింది. దీపేన్.
ఎక్కడున్నాడో చెప్పలేదు. వెనక రైళ్లు కూస్తున్నాయి.
ఇప్పుడు అధ్యక్షుడెవరు, అన్నాడు.
గడియారం వైపు చూశాను. రెండూ నలభై.
వస్తున్న ఆవులింతను
పళ్ల మధ్య నొక్కిపట్టి
ఉన్నాలే, అన్నాను.