చిట్టా వెనక పేజీలు

ముందు పేజీల్లో తేజ, మూడు ముప్పై నాలుగు, బ్యాడిగి,
టిక్కీల లెక్క, తరుగు, హమాలీ.
వెనక నుంచి తిప్పితే ఓడ.

యార్డుకు సెలవైన ఆదివారం
రజియా, నేనూ కాటా గదిలో కూర్చుని
కరీబియన్ సముద్రాన్ని స్కేలు పెట్టి గడులు గీస్తున్నాం.
విమానం, ఇద్దరికీ, రానూ పోనూ: రెండు లక్షల తొంభై వేలు.
ఓడ, ఏడు రాత్రులు: లక్షా అరవై.
వీసా ఫీజు, వాళ్ళు ఇచ్చినా ఇవ్వకపోయినా తిరిగి రాదు.
బల్ల తుడిచేవాడికీ దుప్పటి మార్చేవాడికీ
రోజుకు తలకింతని ఓడవాళ్ళే కోసుకుంటారట.
"మన దగ్గర దాన్నే మామూలంటారు," అంది రజియా.

బాల్కనీ గదికి ఇంకో తొంభై వేలు,
నీళ్ళు కనపడినందుకు అద్దె.
ఇరవై ఆరేళ్ళు ఈ గదిలో కూర్చుంటే
ఈ కిటికీ చూపించింది బస్తాల వీపులే.
లోపలి గదే రాయి.
పైకెక్కితే సముద్రం ఊరికే.

మొత్తం కిందికి దింపి
ఎర్ర సిరాతో రెండు గీతలు కొట్టాక
ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.
"వచ్చే ఏడాది చీటీ కూడా పాడేద్దాం," అంది చివరికి,
ఎవరో అప్పుడే అడ్డం చెప్పినట్టు, గట్టిగా.

తలకు ఇరవై మూడు కిలోలు.
కాటా మన చేతిలోదేగా అని
ఖాళీ పెట్టెను ఎక్కించి చూశాం:
నాలుగు కిలోల రెండొందలు. ఇక్కడా తప్పలేదు తరుగు.
ఓడ ఊగితే చప్పరించడానికి అల్లం మురబ్బా.
ఒక రాత్రి అందరూ ముస్తాబై భోజనానికి రావాలట,
దానికి నా మంగళగిరి పట్టు, జామపండు రంగు అంచుది;
తనకు చిన్నక్క నిఖాకి కొన్న జరీ దుపట్టా.
గొడుగు వద్దంటే వినదు.
కారప్పొడి రాశాను, కొట్టేశాను, మళ్ళీ రాశాను.
గుంటూరు మనిషి ఆ మూటతో దిగితే
విమానాశ్రయం కుక్క తుమ్మి తుమ్మి ఉద్యోగం మానేస్తుందని
రజియా నవ్వీ నవ్వీ దగ్గింది.
ఈ గదిలో నవ్వు ఎప్పుడూ దగ్గులోకే తేలుతుంది.

ఇక రేవులు.
ఒకచోట డాల్ఫిన్‌కు ముద్దు, తొమ్మిది వేలు.
ఇంకోచోట చేతులు పట్టుకుని జలపాతం ఎక్కడం,
మా మోకాళ్ళ సంగతి ఎవరూ అడగలేదు.
ఓడవాళ్ళ బస్సులో వెళ్తే ఆలస్యమైనా మనకోసం ఆగుతుంది.
మనంతట మనం తిరిగితే
చెయ్యూపగానే ఆగడానికి అదేం రేపల్లె ప్యాసింజరు కాదు.

అయినా జమైకా ఎదురుగా
నేను ఒకటే మాట రాశాను: సంత.
"ఇన్ని లక్షలు పోసి సంతకా?
రోజూ ఉన్నది దాంట్లోనే కదే!"

కల్లాల్లో ఆ ఎరుపు చూసి
మన మట్టిదే అనుకున్నాం గానీ, రజియా,
ఈ కాయ పుట్టిల్లు ఆ నీళ్ళవైపు.
ఏ నావికుడి సంచి మూలలోనో
టికెట్టు లేకుండా, వీసా లేకుండా
గింజగా వచ్చి దిగింది.
అత్తారి ఊరే ఇంటిపేరైపోయింది దానికి.
పుట్టింటివాళ్ళు ఎలా ఉన్నారో
ఒక్కరైనా వెళ్ళి చూడొద్దూ?

అక్కడి కాయ పొట్టిగా, ముడతలు పడి,
ఎవరో కూర్చుని లేచిన టోపీలా ఉంటుందట.
తొడిమ తుంచి, మధ్యకు విరిచి,
గింజెంత తోలెంత చూసి
అమ్మే మనిషి చెయ్యి అందుకుని
తువ్వాలు కింద, వేళ్ళ మీద, రేటు చెప్పాలి.
ఆమెకు తెలుగు రాదు, వాళ్ళ ఇంగ్లీషు నాకు అందదు.
బేరానికి వేళ్ళు చాలు.

గింజ తేకూడదు, పట్టుకుంటే జరిమానా.
రజియా అదీ రాసింది, కింద, చిన్న అక్షరాల్లో.
తెచ్చుకునేవి అన్న గడిలో
ఏం రాయాలో తెలియక నా వైపు చూసింది.
చేతిమంట, అన్నాను.
సబ్బుకు పోదు, రెండు రోజులుంటుంది,
ఏ మిషనుకూ కనపడదు.
"ఖరీదు?"

బయట లారీ వెనక్కి వస్తూ కూసింది.
సోమవారం సరుకు అప్పుడే దిగుతోంది.
ఆ గడి అలాగే ఉంచి
చిట్టాను ముందువైపుకు తిప్పాను.