రానూ పోనూ

బతూమిలో వాన, మూడో రోజు.
హేజెల్‌నట్ ఎగుమతి ఆఫీసులో
బీరువా మీద రౌటర్,
దాని మీద ఎవరిదో తడి గొడుగు.

ఓతియా గొడుగు తీసి పక్కన పెట్టాడు.
టన్నెల్ నిలబడే ఉంది, పచ్చదీపం సాక్షి.
జుగ్దిదీ గోదాము మాత్రం పలకదు.
పింగ్. గడువు దాటింది.
పింగ్. గడువు దాటింది.
లమారా లెక్కల పుస్తకం మూసి, తెరిచి, మళ్ళీ మూసింది:
లారీ బయట ఆగి ఉంది, తూకం చీటీ అక్కడ.

మాస్కు చూశాడు. గేట్‌వే చూశాడు.
తన వైపు తప్పు లేదని మూడుసార్లు తేలింది,
అదే అసలు చికాకు.

చివరికి ఫోన్ చేస్తే, కాటా దగ్గర జోండో:
"మీరు కొట్టినప్పుడల్లా ఇక్కడ దీపం మిణుకుమంటోందే!
పిడుగు పడ్డాక మొన్న కొత్త పెట్టె తగిలించాం,
ఎవరూ చెప్పలేదా?"

చెప్పలేదు.

అంటే పోను దారుంది, రాను లేదు.
ఇటు తోవ ఎవరూ రాసిపెట్టక
బదులు పాపం వీధిగుమ్మం దాటి
ఏ ఇంటర్నెట్ సందులోనో రాలిపోతోంది.

అంకె అంకె చదివి ఆ వైపు ఒక్క వరస రాయించాడు.
మధ్యలో ఒక చుక్కని వాన మింగేసింది;
మళ్ళీ మొదటినుంచి.

నలభై ఒక్క మిల్లీసెకన్లు.
ప్రింటర్ దగ్గరికి లేచిన లమారాకి
గొడుగు తనదేనని అప్పుడు గుర్తొచ్చింది.