గిలక

యాభై రెండు. ముందు మైనస్ అని ఇక్కడ ఎవరూ అనరు.
విల్యూయ్ నది ఒడ్డున, డిసెంబరు మధ్యాహ్నం,
తాడు కట్టించుకుని వచ్చింది ప్రొకోపి బండి.
ఆయిలు చూసే పుల్ల ఎగిరి దారిలో ఎక్కడో పడింది.
బానెట్టు కింద అంతా నల్లగా,
ఎసరు పొంగి పొయ్యి మీద పడ్డట్టు.

"ఇంజను చచ్చింది, క్యున్నెయ్" అన్నాడు ముసలాయన, టోపీ తీయకుండానే.
"చావలేదు. ఊపిరాడలేదు" అంది మా మేస్త్రి.

నాకు పదిహేడు. ఆ షెడ్డులో అది మూడో వారం.
స్పానరు అందించడం వచ్చు, టీ కాయడం వచ్చు.
ఇంజను గాలి పీలుస్తుందని తెలుసు గానీ
దానికి కడుపుబ్బరం ఉంటుందని తెలీదు.

చేతితొడుగు తీసి, పిడికిలిని గుప్పిట్లో ఆడించి చూపించింది:
ఇదిగో పిస్టను. దీని చుట్టూ రింగులు.
ఎంత బిగువుగా ఉన్నా, మంట మండిన ప్రతిసారీ
కాస్త గాలి అంచు వెంట కిందికి జారుతుంది.
క్రాంకు గదిలో పిలవని చుట్టంలా కూర్చుంటుంది
కాలని పెట్రోలు కంపుతో, మసితో,
తడితో. ముఖ్యంగా తడితో.
పెట్రోలు మండితే నీళ్ళు పుడతాయి, బళ్ళో చెప్పలేదా?
నిప్పు కడుపున నీళ్ళు.

వాళ్ళ నాన్న లారీకి కింద ఒక గొట్టం వేలాడేదట,
వట్టి గొట్టం, నేల వైపు నోరు తెరుచుకుని.
ఆపిన చోటల్లా మంచు మీద నల్లచుక్కలు.
"దారి తప్పితే ఆ చుక్కలు పట్టుకుని ఇల్లు చేరేవాడు.
వెనకాల నడిచేవాళ్ళకి మాత్రం దగ్గు."

తర్వాత ఎవరో ఆ గొట్టాన్ని వంచి
ఇంజను నోటికే తిప్పారు.
వదిలిన ఊపిరినే మళ్ళీ పీల్చి మళ్ళీ కాల్చుకోమని.
ఇంజనుకి ఎంగిలి పట్టింపు లేదు.

మధ్యలో ఒక వాల్వు, నా బొటనవేలంత.
లోపల ఒక చిన్న గూటం, ఒక స్ప్రింగు.
బండి నిలబడి గురకపెట్టేటప్పుడు పీల్పు ఎక్కువ,
గూటం ముందుకు జరిగి దారి సన్నం చేస్తుంది.
ఎత్తు ఎక్కేటప్పుడు పీల్పు తగ్గుతుంది, స్ప్రింగు దారి విప్పుతుంది.
మంట వెనక్కి తన్నిందా, టప్పున తలుపు మూత.
ఇంతే దాని సంసారం.

పీకి, నా చెవి దగ్గర ఊపింది.
"వినపడిందా?"
లేదు.
"గిలక్కాయలా మోగాలి. అది మోగట్లేదంటేనే రోగం."

లోపల ఐసు. గొట్టంలో ఇంకా ఐసు, వేలెడు.
ఇంజనుకి ఉన్ని దుప్పటి కప్పాడు ప్రొకోపి, గుర్రానికి కప్పినట్టు.
గొట్టాన్ని మాత్రం చలికి వదిలేశాడు.

ఆయిలు మూత తిప్పింది. అడుగున తెల్లటి మీగడ,
తోడు పెడితే పేరుకునేంత.
"రోజూ ఎంత దూరం తిప్పుతున్నావు?"
"దుకాణం దాకా. రొట్టెకి."
"అంటే ఎనిమిది వందల మీటర్లు. అది కాగే లోపే ఆపేస్తున్నావు.
చెరువుకి పోవడం మానేశావా?"

ఆ మూత వైపే చూస్తూ అన్నాడు:
"వలకి రెండు కొసలుంటాయి కదా."

అగాఫోన్ పేరు ఎవరూ ఎత్తలేదు.

క్యున్నెయ్ చేతులు తుడుచుకుంది, చాలాసేపు.
"వారానికోసారి అరవై కిలోమీటర్లు. ఇంజను సలసలా కాగాలి,
లోపలి తడి ఆవిరైపోవాలి. దీనికి వేరే మందు లేదు."
తర్వాత నా వైపు గడ్డం ఊపింది:
"వీడికి ఆదివారం పనేం లేదు."

ఆదివారం నాకు బోలెడు పని ఉంది. నన్నెవరడిగారు?

ముప్పై కిలోమీటర్లు ఆయన నోరు విప్పలేదు.
మా ఇద్దరి ఊపిరికీ అద్దాలు లోపలి నుంచే గడ్డకట్టాయి,
గోటితో గీకుతూ నడిపాడు.
చివరికి విసుగొచ్చి కిటికీ ఒక వేలెడు దించాడు.
చలి కత్తిలా దిగింది.
అప్పుడు మొదలుపెట్టాడు: అగాఫోన్‌కి ముడి వేయడం రాదు,
అగాఫోన్ ఒట్టి అబద్ధాలకోరు, అగాఫోన్ బాకీ
పదకొండు వందల రూబుళ్ళు,
ఇంక చెరువు వచ్చేదాకా ఆపలేదు.

సోబో చేపలు బస్తాడు. మంచు మీద పడేసిన నిమిషానికే కట్టెముక్కలు.

పాత వాల్వు నా కోటు జేబులోనే ఉండిపోయింది.
దాని బదులు క్యున్నెయ్ ఇంకో బండిది బిగించింది.
తిరుగుదారిలో గతుకు పడ్డప్పుడల్లా
జేబులోంచి టిక్కు, టిక్కు.
ఐసు కరిగాక చూస్తే
అది బాగానే ఉంది.