రెండు చుక్కలు

మూత తీయగానే తెలిసింది,
బెల్టు చచ్చిపోయి చాలాకాలమైందని.
రబ్బరు కరిగి ముదురుపాకమై
పుల్లీలన్నిటినీ పట్టుకుని ఉంది.
ఒకసారి వేలికి అంటిందా, మూడు రోజులు వదలదు,
దిండు గలీబు మీద కూడా నా వేలిముద్రే.

హకొదాతెలో మంచు మొదలైన వారం.
ట్రామ్ మలుపు దగ్గర నా కొట్టు.
మా పినతండ్రి గడియారాలు బాగుచేసిన బల్లే,
ఆయన భూతద్దమే,
తిట్లు కూడా కొన్ని ఆయనవే.

షిగెజో దాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చాడు,
చేపను తెచ్చినట్టు.
"రికార్డు కూడా చేస్తుంది," అన్నాడు
దాని తరఫున సిఫారసు చేస్తున్నట్టు.
స్క్విడ్ల పడవ నడిపాడట ముప్పైయొక్క ఏళ్లు.
కూర్చోమంటే కూర్చోలేదు.

పుల్ల చివర దూది, దూదికి స్పిరిట్.
తుడిచాను, తుడిచాను,
నలుపు తరగదు, చోటు మారుతుంది అంతే.
పందొమ్మిది పుల్లలు. లెక్కపెట్టడం నా జబ్బు.
బ్యాటరీ గదిలో స్ప్రింగుకు పచ్చటి కిలుము;
వెనిగర్ చుక్క పడగానే
చిన్నగా బుసకొట్టి ఊరుకుంది.
టేపును నొక్కిపట్టే చక్రం అద్దంలా నున్నబడిపోతే
గరుకు కాగితంతో దాని పొగరు కాస్త దించాను.
ఈలోగా ఒక స్క్రూ ఎగిరి నేలపాలైంది.
నేను మోకాళ్ల మీద పాకుతుంటే
ఆయన కూడా వంగాడు,
ఏం వెతుకుతున్నామని అడక్కుండా.
హీటరు కాళ్ల దగ్గర దొరికింది, ఆయనకే.

కొత్త బెల్టు బిగించి
లోపల ఉండిపోయిన క్యాసెట్టునే నొక్కాను.
పాట ఉంటుందనుకున్నాను.
పోయినవాళ్ల గొంతేమోనని భయపడ్డాను కూడా;
నా దగ్గరికి వచ్చేవాటిలో సగం అవే,
ఏ మొహం పెట్టుకుని వినాలో ఇప్పటికీ తెలీదు.

దబ్ దబ్ దబ్ దబ్.
ఇంజను.
ఒక వైపంతా ఇంజనే.

"మూడో సిలిండరు," అన్నాడు.
"నాలుగు దెబ్బలకోసారి దగ్గేది.
ఒడ్డుకొస్తే దగ్గు మాయం,
మెకానిక్ నమ్మేవాడు కాదు.
అందుకని నడిసముద్రంలో పట్టాను దీన్ని."
నమ్మాడా?
"నమ్మేలోపు పడవ అమ్మేశాను."

మళ్లీ విన్నాడు, మెడ వంచి.
"ఇది కాదు.
ఇదే, కానీ ఉరుకుతోంది.
మా ఇంజను ఇంత తొందరపడే మనిషి కాదు."

కొలత టేపు పెట్టి చూశాను.
సూది మూడువేల దగ్గర నిలబడింది, అటూ ఇటూ పోకుండా.
తప్పు మిషనుది కాదు, ఆ రాత్రిది.
చలికి బ్యాటరీలు నీరసించి
టేపు నెమ్మదిగా నడిచి ఉంటుంది.
నెమ్మదిగా రాసుకున్నదాన్ని
సరైన వేగంలో చదివితే పరుగులా వినిపిస్తుంది.
ఇదంతా చెప్పాను.
డాక్టరు మాట విన్నట్టు విన్నాడు.
"అయితే నేనే కరెక్టు," అన్నాడు.

మోటారు వీపున చిన్న రంధ్రం,
అందులో గోరంత కూడా లేని స్క్రూ.
తిప్పాను. "ఇంకా."
తిప్పాను. "కొంచెం వెనక్కి."
అరచేతిని బల్లకు ఆనించాడు,
చెక్కలో వణుకు కోసం వెతుకుతున్నట్టు.
మోకాళ్లు కాస్త వదులయ్యాయి,
కదిలే నేలమీద నిలబడ్డ మనిషికి మల్లే.
"అదీ."

నూటికి ఏడు తక్కువ.
ఈ వేగంలో ఏ గాయని పాడినా
నిద్రలో నడిచినట్టుంటుంది.
మా పినతండ్రి అయితే ఒప్పుకునేవాడు కాదు.
తప్పును తప్పుగా బిగించి డబ్బులు తీసుకోవడం
ఈ బల్లమీద ఎన్నడూ జరగలేదు.

గోళ్లరంగు సీసాలు తీశాను.
సరైన వేగం దగ్గర తెల్ల చుక్క,
ఆయన చోట ఎర్ర చుక్క.
"పాటలు వినాలంటే తెల్లదాని మీదికి తిప్పుకోండి," అన్నాను
చిన్న స్క్రూడ్రైవరు చేతిలో పెడుతూ.
"పాటలు లేవు నా దగ్గర."

రసీదులో ఏం రాయాలో తోచలేదు.
బెల్టు, శుభ్రం,
ఆ కింద వేగం అని రాసి
ఎదురుగా ఖాళీ వదిలేశాను.
తువ్వాలు చంకన పెట్టుకుని
పెట్టెను చేత్తో పట్టుకుని వెళ్లాడు,
ఆపకుండానే.
ట్రామ్ వచ్చేదాకా మంచులో ఒక ఇంజను
నాలుగు దెబ్బలకోసారి దగ్గుతూ.