రాయి ఎంత బరువు

ఈ ఏడు చాక్లెట్ల పొట్లం కొనలేదు.
పోయినేడు ఈస్టరుకు తలా నాలుగు పంచితే
హనోకు తన నాలుగూ జేబులో వేసుకొని
గుడి నుంచి ఇంటిదాకా తడుముకుంటానే పోయినాడు.
తొమ్మిదేండ్ల పిల్లోడు. చక్కెర జబ్బు.
వాళ్ళమ్మ సూదిమందుకు తడిగుడ్డ చుట్టి
కొత్త కుండలో దాచిపెడుతుంది.
సాయంత్రానికి నాలుగూ కరిగి
నిక్కరుకు అంటుకుపోయినాయని
ఆమె నవ్వుతానే చెప్పింది.
నాకే ఏం మాట్లాడాలో తోచలేదు.

"మిఠాయి లేకుంటే పిల్లకాయలు వస్తారా, టీచరమ్మా?"
సంఘపెద్ద జక్కరయ్య అడిగినాడు.
నాకూ తెలీదు. చూద్దామన్నాను.

శనివారం ఎండ తగ్గినాక
పాత బక్కెట్లో సున్నపు గడ్డలేసి నీళ్ళు పోసినాం.
అది బుడబుడమని ఉడుకుతుంటే
అల్లంత దూరం నుంచే మెడలు సాచి చూసినారు.
"పొయ్యి లేకుండానే కాగుతాంది సూడు!" కెజీయా అరిచింది.
ఈతమట్టల కొనలు దంచి కుంచెలు చేసుకొని
సమాధుల తోటలో
పేరున్న గోరీలకూ, పేరు చెరిగిపోయిన వాటికీ
వెల్ల వేసినాం.
చిన్నమ్మి దోర్కా ఒక చీమలపుట్టకు కూడా వేసింది.
నేను వద్దనలేదు.

తెల్లారుజామున నాలుగింటికి,
ఎర్రగుంట్ల పక్క సిమెంటు ఫ్యాక్టరీ దీపాలు తప్ప
ఇంకేదీ వెలగని ఏళ,
పదిహేడు మంది వచ్చినారు.
రెండుసార్లు లెక్కపెట్టినాను.
ఒకడైతే నిద్రపోతున్న తమ్ముణ్ణి వీపున మోసుకొచ్చినాడు.

తడి ఆరని గోరీల మధ్య కత మొదలుపెట్టినాను.
ముగ్గురు ఆడోళ్ళు సుగంధాలు పట్టుకొని
చీకటితోనే పోతాండారు.
దారంతా ఒకటే దిగులు,
ఆ రాయి మనకెవరు దొర్లిస్తారని.

"ఎంత రాయి?"
హనోకు.
పెద్దది, అన్నాను.
"అట్ల చెప్తే ఎట్ల? మందం ఎంత?"

వాళ్ళ నాయన దానం బండల గనిలో పనిచేస్తాడు.
ఈ పిల్లల్లో సగంమంది నాయనలు అక్కడే.
రాయంటే వీళ్ళకు కతలో వచ్చే మాట కాదు.
ఇంటికప్పు, గోడ, బట్టలుతికే బండ,
దానం ఎడమచేతికి లేని చిటికెనవేలు.

చేతులు చాపి చూపించినాను.
పిల్లోడు తల అడ్డంగా ఊపినాడు.
"అంతుంటే నలుగురు కావల్ల, రెండు గడారులు కావల్ల.
కింద గులకరాళ్ళు పోసి జరపల్ల.
ఆడోళ్ళు ముగ్గురితో అయ్యే పని కాదు.
తెలిసే పోయినారా?"

తెలిసే పోయినారు నాయనా.

అనేసి, నేనే ఆగిపోయినాను.
ఇరవై రెండేండ్లుగా చెప్తాండ ఈ కత.
ఎప్పుడూ తెల్లబట్టల దూత దగ్గరికే
ఉరికేదాన్ని.
ఆ నడక దగ్గర
ఒక్కసారీ నిలబడలేదు.

గోడవార ఒక నాపబండ పడుండాది,
ఎవరి గోరీకో తెచ్చి వదిలేసింది.
జరుపుదామన్నారు.
హనోకు గులకరాళ్ళు ఏరించినాడు,
ఎవరెక్కడ నిలబడల్లనో చెప్పినాడు,
గనిలో వాళ్ళ నాయన లాగే గొంతు బొంగురు చేసి
"హై... సా!" అన్నాడు.
కదల్లేదు.
"హై... సా!"
జానెడు జరిగింది.

కింద, ఎండ ఎరగని గరిక
పాలిపోయి, తెల్లగా,
బతికే ఉండాది.
దాని వేర్ల పక్కన చీమలు
గుడ్లు నోట కరచుకొని అటూ ఇటూ పరుగులు.
"గుడ్లు! గుడ్లు!" దోర్కా ఎగిరింది.
"మూసేయండి, వాటికి ఎండ తగులుతాది" అని కెజీయా.
మూయాల్నా తెరిచిపెట్టాల్నా అని
కొట్లాట ఇంకా తెగనే లేదు,
తూర్పు ఎర్రబడింది.

శుక్రవారం నుంచి మూగగా ఉన్న గంట తాడు
పిల్లలకే ఇచ్చినారు అయ్యగారు.
మనిషికి మూడు లాగులు.
దోర్కా లాగితే గంట కాదు, దోర్కానే పైకి లేచింది.

తినేదానికి ఉడకేసిన గుడ్లు, శనక్కాయలు.
హనోకు సూది వేయించుకునే దానికి
ఇంటికి ఉరికినాడు.
తినండ్రా అన్నాను.
ఎవరూ పెంకు పగలగొట్టలేదు.
పదహారు మంది
వేడి గుడ్డును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటా
వాడొచ్చే దారి పక్కే చూస్తాండారు.