రేవు మెట్ల మీద ఇఫ్

వలంధర రేవు దగ్గర, సైకిల్ షాపు మేడ మీద
సాయంత్రం ఆరింటికి నా ఇంగ్లీషు క్లాసు.
ఆ రోజు వాన. వచ్చింది ఒక్కతే,
కొప్పాడి వీరవేణి.
చేతిలో సంచి, సంచిలో సగం అల్లిన లేసు బల్లగుడ్డ,
గుడ్డ మడతలో నలిగిన ఉత్తరం చిత్తు.

"చెన్నై కంపెనీకి రాయాలండి.
దారం ఆలీసం చేసింది ఆళ్ళు,
ఆర్డరు ఆపేత్తామంటన్నదీ ఆళ్ళే."

మొదటి వాక్యంలోనే నా ఎర్ర పెన్ను ఆగింది:
ఇఫ్ యు విల్ సెండ్ ద థ్రెడ్...

ఇఫ్ ఉన్న వైపు విల్ రాదమ్మా, అని గీత కొట్టేశాను.
ఇఫ్ ఇటు నరసాపురం, విల్ అటు సఖినేటిపల్లి,
మధ్యలో పంటి, కామాలాగా.
ఇఫ్ యు సెండ్, కామా, వుయ్ విల్ ఫినిష్.

ఆమె కిటికీలోంచి పంటి వైపు చూసింది,
నిజమేనా అన్నట్టు.

"మరి ఇఫ్ యు సెంట్ అంటారేంటండి?
రేపటి సంగతిని నిన్నలో రాయడమేంటి?"

రేవు మెట్లు చూపించాను.
పోటు మీద నీళ్ళు పై మెట్టుకి తగులుతాయి:
పంపొచ్చు. సెండ్.
పాటు మొదలైతే ఒక మెట్టు బయటపడుతుంది:
పంపరులే, పంపితే బాగుండు. సెంట్, వుడ్.
ఇంకా లాగితే ఆఖరి మెట్టు, నాచు, బురద, తెగిన చెప్పు.
హేడ్ సెంట్, వుడ్ హేవ్:
పంపలేదు. ఇక పంపినా ఆ రోజు రాదు.
నిజానికి ఎంత దూరమైతే
క్రియ అన్ని మెట్లు కిందికి.

"మనకి ఒక్క 'తే' చాలు కదండీ" నవ్వింది.
వస్తే, ఇస్తే, బతికితే.
అవును, మన 'తే' బొంత లాంటిది,
జరగబోయేదాన్నీ జరగనిదాన్నీ కలిపి కప్పేస్తుంది.
మరీ చలేస్తే పక్కన ఒక 'ఉంటే' కుడతాం.

బోర్డు మీద రాసుకుంటూ పోయాను.
ఆ వేళ వరద రాకపోయి ఉంటే పంటి నడిచేది.
పంటి నడిచి ఉంటే ఇంటర్వ్యూకి అందుకునేదాన్ని.
అందుకుని ఉంటే...

క్రోషా సూది ఆపకుండానే అంది వీరవేణి:
"మేడమ్, మీ ఎగ్జాంపుల్సన్నీ
ఆ బురద మెట్టు మీదే ఉన్నాయండి."

డస్టర్ కోసం వెతికాను. చేతిలోనే ఉంది.

"లేసులో అయితే, మూడో వరసలో తప్పు పడితే
పదో వరస దాకా వచ్చినా విప్పేసుకోవచ్చండి.
దారం వంకర్లు పోద్ది, అంతే.
హేడ్‌తో విప్పలేమా?"

విప్పలేం. వేలు పెట్టి చూపించగలం.

మరి ఉత్తరానికి ఏది?
హేడ్ అని రాస్తే నిజం. తప్పు వాళ్ళదని తేలుతుంది.
తేలాక తలుపు పడుతుంది.
సెంట్ అని రాస్తే మర్యాదే,
మనకే నమ్మకం లేదని తెలిసిపోతుంది.

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టింది:
ముప్పై తొమ్మిది మంది, పన్నెండు రోజులు,
మొగల్తూరులో జ్వరమొచ్చిన ఇద్దరిని తీసేసి.
"సెండే రాత్తానండి.
తగువుదేముంది, ఎప్పుడైనా పడొచ్చు."

రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది,
పాత గ్రామరు పుస్తకంలో, పేజీ అడుగున, చీమల్లాంటి అక్షరాల్లో:
విల్ అంటే రేపు కాక ఇష్టం అయినప్పుడు,
మీకు మనసొప్పితే అని అడిగేటప్పుడు
ఇఫ్ పక్కన కూర్చోవచ్చు.

ఆమె చిత్తులో అడిగింది అదేనేమో.
ఎర్ర గీత మాత్రం నాది.

పొద్దున్నే పోస్టాఫీసు ముందు నిలబడ్డాను.
గొడుగు మరిచిపోయాను.
వీరవేణి వస్తే చెప్పాలి.
ఇది పై మెట్టు మీది 'తే' అనే
అనుకుంటున్నాను.